నీ సహోదరుడు తప్పు చేసినప్పుడు



విచారణలో ఎవరో తప్పు చేశారని తెలిసినప్పుడు మనం సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తాం. పూజ ముగిశాక గుడి ఆవరణలో, ఇంటికి వెళ్ళే దారిలో, వంటింటి గుమ్మం దగ్గర పదిమందికి చెప్పుకుంటాం. లేదా "మనకెందుకు, గుడి పరువు పోతుంది" అని ఊరుకుంటాం. చిత్రమేమంటే చాలాసార్లు ఈ రెండు పనులూ చేసేది ఒకే మనిషి. చెప్పవలసిన వారికి చెప్పడు, చెప్పనక్కరలేని వారందరికీ చెబుతాడు. తప్పు చేసినవాడు మారడు, నష్టపోయినవాడికి న్యాయం జరగదు, సంఘంలో విషం మాత్రం పెరుగుతుంది.

దమ్మాయిగూడ, నాగారం ప్రాంతాల్లో ఉండే కుటుంబాలకు జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డు గురించి వేరే చెప్పనక్కరలేదు. గాలి ఇటు తిరిగితే కిటికీలు మూసుకోవలసిందే. ఆ పాత చెత్త గుట్ట మీద పొరలు పరచి, మట్టి కప్పి, గడ్డి పెంచారు. దూరం నుంచి చూస్తే పచ్చని కొండలా కనిపిస్తుంది. కాని లోపల కుళ్ళినది నల్లని నీరుగా ఊరి మల్కారం చెరువును పాడుచేసింది. కప్పటం ఒక్కటే చాలలేదు, ఆ నీటిని పట్టి శుద్ధి చేసే ఏర్పాటు కూడా చేయవలసి వచ్చింది. సంఘంలోని తప్పు కూడా ఇటువంటిదే. పైన ఏమి కప్పినా లోపలిది ఊరుతూనే ఉంటుంది. అలాగని చెత్తను వీధిలో వెదజల్లినా లాభం లేదు. దాన్ని శుద్ధి చేసే పద్ధతి కావాలి. ఆ పద్ధతిని మన ప్రభువే నేర్పాడు. ఈ వారం దానిని కలిసి ధ్యానిద్దాం.

ప్రభువు చూపిన దారి

మత్తయి సువార్త 18వ అధ్యాయం 15 నుంచి 17 వరకు ఉన్న వచనాలు మీ ఇంట్లోని బైబిలు తెరచి చదవండి. అక్కడ మూడు మెట్లు కనిపిస్తాయి. నీ సహోదరుడు నీకు అపరాధం చేస్తే ముందు నీవు ఒంటరిగా వెళ్ళి అతనితో మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి తెలపాలి. సంఘం మాట కూడా వినకపోతే అతనిని బయటివానిగా ఎంచాలి.

ఈ మూడు మెట్లు మనలో చాలామందికి తెలుసు. అయితే వాటిని ఆ అధ్యాయం మొత్తంతో కలిపి చదవటం మరచిపోతాం. ఆ అధ్యాయం చిన్నబిడ్డతో మొదలవుతుంది. చిన్నవారిలో ఒకరిని పాపంలో పడవేసే వానికి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో పడవేయటమే మేలని ప్రభువు కఠినంగా హెచ్చరిస్తాడు. తరువాత తప్పిపోయిన గొర్రె ఉపమానం వస్తుంది. ఆ తరువాతనే ఈ మూడు మెట్లు. వాటి వెంటనే డెబ్బది ఏడు మారులు క్షమించమన్న బోధ, క్షమించని సేవకుని కథ వస్తాయి.

ఈ క్రమం యాదృచ్ఛికం కాదు. మొదట చిన్నవారి రక్షణ. తరువాత తప్పిపోయినవాని కోసం వెతుకులాట. ఆ తరువాత దిద్దుబాటు. చివరకు క్షమాపణ. మనం తరచుగా ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తాం. మొదటే క్షమాపణ అంటాం, చిన్నవారి రక్షణను చివరకు నెట్టేస్తాం. పాడైపోయిన వ్యవహారాలలో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

తప్పులన్నీ ఒకే రకం కావు కాబట్టి, వాటిని మూడు రకాలుగా విడదీసి చూద్దాం.

ఇద్దరి మధ్య జరిగిన తప్పు

ఒకరు మాట తూలారు. అప్పు తీసుకుని తీర్చటం లేదు. ఇంటి గోడ దగ్గర, అపార్ట్‌మెంటు నీళ్ళ దగ్గర గొడవ అయ్యింది. గాయక బృందంలో ఒకరిని అందరి ముందు అవమానించారు. ఇటువంటి వాటికి మొదటి మెట్టు సరిగ్గా సరిపోతుంది. ముందు మనిషి దగ్గరకే వెళ్ళాలి.

ఎలా వెళ్ళాలి? "అన్నా, నీతో ఒక మాట చెప్పాలి. మొన్న నీవు అన్న మాట నన్ను బాధ పెట్టింది. నీ ఉద్దేశం అది కాకపోవచ్చు, అందుకే నీతోనే మాట్లాడదామని వచ్చాను" అని మొదలుపెట్టండి. జరిగిన ఒక్క సంగతినే చెప్పండి. పదేళ్ళ క్రితం సంగతులు, వారి తల్లిదండ్రుల సంగతులు, వారి ఊరి సంగతులు తీయకండి. చెప్పి, వినండి. మీకు తెలియని సంగతి ఒకటి అవతల ఉండవచ్చు.

నాతాను ప్రవక్త దావీదు రాజు వద్దకు వెళ్ళిన తీరు చూడండి (2 సమూయేలు 12). ఊరియాను చంపించి అతని భార్యను తీసుకున్న రాజు ముందు ఆయన నేరుగా నేరపట్టిక చదవలేదు. పేదవాని ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనికుని కథ చెప్పాడు. రాజు కోపంతో తీర్పు చెప్పాక, ఆ మనిషివి నీవేనని తేల్చాడు. ఆ మాటలో ధైర్యం ఉంది, ఎదుటివాని మనస్సాక్షిని మేల్కొల్పే నేర్పు కూడా ఉంది. గలతీయులకు వ్రాసిన లేఖలో (6:1) పునీత పౌలు గారు చెప్పేది కూడా ఇదే. తప్పు చేసినవానిని సాత్వికంతో సరిదిద్దాలి, అదే సమయంలో మనమూ శోధనలో పడకుండా జాగ్రత్త పడాలి.

పాపం చేసినవారిని మందలించటం ఆత్మ సంబంధమైన దయాకార్యాలలో ఒకటని మనం సత్యోపదేశంలో నేర్చుకున్నాం. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టటం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. అది దయాకార్యం కాబట్టి దయతోనే చేయాలి.

సంఘం నమ్మకానికి జరిగిన తప్పు

రెండవ రకం తప్పు ఒకరిద్దరితో ఆగదు. గుడి సొమ్ము లెక్క తేలకపోవటం, పండుగ చందాల ఖర్చు చెప్పకపోవటం, మరియదళంలోనో యువజన సంఘంలోనో నిధి మాయం కావటం, గుడిలో పరిచయమైన కుటుంబాలతో చిట్టీలు కట్టించి ఎత్తివేయటం ఇటువంటివి.

మన ప్రాంతంలో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఉప్పల్, నాచారం, చర్లపల్లి, కుషాయిగూడ ప్రాంతాల కర్మాగారాల్లో, కార్యాలయాల్లో పని కోసం అనేక జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో. సొంత ఊరిలో అయితే ఎవరు ఎటువంటివారో మూడు తరాలుగా తెలుసు. ఇక్కడ పక్క ఫ్లాటు వారి పేరు కూడా తెలియదు. కాబట్టి "మన గుడి వాళ్ళే" అన్న ఒక్క మాట మీద నమ్మకం పుడుతుంది. ఆ నమ్మకం మంచిదే, సంఘానికి ప్రాణం అదే. కాని ఆ నమ్మకాన్ని ఎరగా వాడుకునే వారికి కూడా అదే సులువైన దారి. చిట్టీ నడపటానికి 1982 నాటి కేంద్ర చట్టం ప్రకారం అనుమతి, నమోదు ఉండాలి. జపమాల చేతిలో ఉండటం ఆ అనుమతికి బదులు కాదు.

ఇటువంటి తప్పుకు రెండవ మెట్టు, మూడవ మెట్టు అవసరం. ఒకరిద్దరు సాక్షులతో వెళ్ళి అడగాలి. కాగితాలు చూపమనాలి. తేలకపోతే విచారణ గురువులకు, పాలక మండలికి వ్రాతపూర్వకంగా తెలపాలి. నష్టపోయినవారు పోలీసులను, న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తే అది విశ్వాసలోపం కాదు. సహోదరులు ఒకరి మీద ఒకరు అన్యుల ఎదుట వ్యాజ్యెమాడటాన్ని పౌలు గారు 1 కొరింతీ 6లో తప్పుపట్టిన మాట నిజమే. కాని సంఘం లోపలే న్యాయంగా తీర్చగల వివేకి ఒకడైనా లేడా అని కూడా ఆయన అక్కడే అడిగారు. సంఘం ఆ పని చేయకుండా, బాధితుడిని మాత్రం కోర్టుకు వెళ్ళవద్దనటం ఆయన మాటను సగమే చదవటం.

శ్రీసభ చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ప్రతి విచారణకు ఆర్థిక మండలి ఉండాలని 537వ సూత్రం చెబుతుంది. విశ్వాసులు సమర్పించిన సొమ్ము లెక్కను విశ్వాసులకే చెప్పాలని 1287వ సూత్రం చెబుతుంది. శ్రీసభ మేలు కోసం తమ అభిప్రాయాన్ని కాపరులకు తెలియజేసే హక్కు, ఒక్కొక్కసారి బాధ్యత కూడా, విశ్వాసులకు ఉందని 212వ సూత్రం గుర్తు చేస్తుంది. కాబట్టి లెక్క అడిగితే అది తిరుగుబాటు కాదు. అది విచారణ బిడ్డగా మీ హక్కు. గౌరవంగా అడగటం మీ బాధ్యత.

పెద్దవారినీ అడగవచ్చా? అంతియొకయలో అన్యజాతి విశ్వాసులతో కలిసి భోజనం చేయటం మానిన పేతురు గారిని పౌలు గారు ముఖాముఖిగా, అందరి ఎదుట ఎదిరించారు (గలతీ 2:11-14). పేతురు గారి పదవిని ఆయన కాదనలేదు, ఆయన చేసిన పనిని కాదన్నారు. క్రీస్తు శకం 390లో థెస్సలోనికలో రోమా చక్రవర్తి థెయొదోసియుసు ఆజ్ఞ వల్ల వేలాదిమంది ప్రజలు హతులయ్యారు. మిలాను పీఠాధిపతి పునీత అంబ్రోసు గారు ప్రాయశ్చిత్తం చేసే దాకా ఆయనకు సత్ప్రసాదం ఇవ్వనన్నారు. చక్రవర్తి తలవంచి పశ్చాత్తాపపడ్డాడు. పెద్దవారికి వేరే సువార్త లేదు.

సక్రమమైన దారి వదిలేస్తే ఏమవుతుందో మన తెలుగు సంఘాలే బాధతో చూశాయి. 2016 ఏప్రిల్‌లో కడప మేత్రాణులు గల్లెల ప్రసాద్ గారిని కొందరు అపహరించి, కళ్ళకు గంతలు కట్టి, కొట్టి, డబ్బు కోరారు. ఆ కేసులో పోలీసులు అరెస్టు చేసిన వారిలో ఆ మేత్రాసన గురువులు కూడా ఉండటం దేశమంతటా పత్రికల్లో వచ్చింది. దోషం ఎవరిదో తేల్చటం న్యాయస్థానం పని. మనం నేర్చుకోవలసింది వేరు. ఏ సంఘంలోనైనా డబ్బు గురించి, అధికారం గురించి, కులం గురించి ఉన్న ఫిర్యాదులు మాట్లాడుకునే చోటు లేక లోలోపల పేరుకుంటే, అవి ఎక్కడికి దారి తీస్తాయో ఎవరూ చెప్పలేరు. బలప్రయోగం ఏనాడూ దిద్దుబాటు కాదు. మౌనం కూడా కాదు.

బలహీనుల మీద జరిగిన నేరం

మూడవ రకం అన్నిటికన్నా ముఖ్యం. పసిబిడ్డ మీద లైంగిక దౌర్జన్యం, భార్యను కొట్టటం, కట్నం కోసం వేధించటం, పని ఇచ్చిన పెద్దమనిషి యువతిని ఇబ్బంది పెట్టటం ఇటువంటివి. వీటి దగ్గర "ముందు ఒంటరిగా వెళ్ళి అతనితో మాట్లాడు" అన్న మెట్టును బాధితుల మీద రుద్దకూడదు. దెబ్బతిన్న పదేళ్ళ బిడ్డను తనను దెబ్బతీసినవాని దగ్గరకు ఒంటరిగా వెళ్ళమనటం సువార్త కాదు.

ఇది కొత్తగా చెబుతున్న మాట కాదు. 13వ శతాబ్దంలోనే అక్వినాకు చెందిన పునీత తోమాసు గారు సహోదరులను సరిదిద్దటం గురించి వ్రాస్తూ ఈ తేడా చూపారు. రహస్య పాపం వల్ల ఇతరులకు హాని జరుగుతుంటే, ఉదాహరణకు ఒకడు పట్టణాన్ని శత్రువుకు అప్పగించటానికి కుట్ర పన్నుతుంటే, ముందు ఏకాంతంగా మందలించి చూద్దామని ఆగకుండా వెంటనే బయటపెట్టాలని ఆయన బోధ. ఏకాంత మందలింపుతో ఆ హాని తప్పకుండా ఆగుతుందనిపిస్తే తప్ప ఆగకూడదు. చిన్నవారికి జరిగే హాని సరిగ్గా అటువంటిదే. ఆలస్యమైన ప్రతి దినం మరొక బిడ్డకు ప్రమాదం.

మన దేశ చట్టం కూడా అదే అంటుంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలపాలి. తెలిసి కూడా తెలపని పెద్దవారికి ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తన కింద పనిచేసేవాని నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు శిక్ష ఉంది. గుడి, బడి, వసతి గృహం, అనాథాశ్రమం ఏదీ దీనికి మినహాయింపు కాదు. బిడ్డ పేరు, ఫొటో, ఇంటి వివరాలు బయటపెట్టటం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. కాబట్టి పోలీసులకు చెప్పండి, వాట్సాప్ గుంపులో పెట్టకండి.

శ్రీసభ కూడా తన తప్పుల నుంచి కన్నీటితో ఈ పాఠం నేర్చుకుంది. అనేక దేశాల్లో గురువులు బిడ్డలకు చేసిన ద్రోహాన్ని, దాన్ని కప్పిపుచ్చిన పెద్దల తప్పును 2018 ఆగస్టులో ఫ్రాన్సిస్ పోపు గారు విశ్వాసులందరికీ వ్రాసిన లేఖలో బాహాటంగా ఒప్పుకున్నారు. 2019 మే నెలలో ఆయన జారీ చేసిన శాసనం ప్రకారం, ఇటువంటి సంగతి తెలిసిన గురువులు, మఠవాసులు తమ మేత్రాణులకు తప్పక తెలపాలి. తెలిపినందుకు ఎవరినీ వేధించకూడదు, బాధితుల నోరు నొక్కకూడదు. ఆ శాసనం 2023లో సవరణలతో శాశ్వతమైంది. 2019 డిసెంబరులో ఇటువంటి కేసుల మీద ఉన్న పొప్పు రహస్య నిబంధనను కూడా ఆయన తొలగించారు. మేత్రాసనానికి తెలపటం, పోలీసులకు తెలపటం రెండూ చేయాలి. ఒకటి రెండవదానికి బదులు కాదు.

ఇక్కడ కుటుంబాలు ఒక సంగతి తెలుసుకోవాలి. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎవరికీ, ఏ కారణం చేతనూ చెప్పకూడదు. ఆ ముద్ర పవిత్రమైనది. కాబట్టి బిడ్డకు జరిగిన హానిని పాపసంకీర్తనంలో మాత్రమే చెప్పి, "స్వామికి చెప్పాను, ఆయన చూసుకుంటారు" అనుకోకండి. పాపసంకీర్తనం వెలుపల చెప్పండి, పోలీసులకు చెప్పండి. బిడ్డల సహాయానికి 1098, మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112 ఫోను నంబర్లు ఉన్నాయి. వీటిని ఫ్రిజ్ తలుపు మీదనో, పూజా స్థలం పక్కన గోడ మీదనో వ్రాసి పెట్టుకోండి.

భార్య దెబ్బలు తింటుంటే, "నీ సిలువ నీవు మోయమ్మా" అని చెప్పే పెద్దమ్మలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ప్రభువు మోయమన్నది తనను వెంబడించినందుకు వచ్చే సిలువను. త్రాగి వచ్చిన భర్త చెయ్యి సిలువ కాదు, పాపం. గృహహింస నుంచి రక్షణకు 2005 నాటి చట్టం ఉంది. శ్రీసభ చట్టంలోని 1153వ సూత్రం కూడా తీవ్రమైన ప్రమాదం ఉన్నప్పుడు విడిగా నివసించటానికి అనుమతిస్తుంది. వివాహబంధం పవిత్రం కాబట్టే దానిని హింసకు ముసుగు చేయకూడదు.

నింద అబద్ధమైతే?

"అందరూ చెప్పేదంతా నిజమా? పగతో లేనిపోనివి పుట్టించేవారు లేరా?" అని మీరు అడగవచ్చు. ఉన్నారు. అందుకే దానియేలు గ్రంథం 13వ అధ్యాయంలోని సూసన్న కథ ప్రతి విచారణలో చదవదగినది. ఇద్దరు పెద్దలు ఆమెను కోరారు. ఆమె లొంగకపోతే ఆమె మీదనే వ్యభిచార నింద మోపారు. వారు పెద్దలు, న్యాయాధిపతులు కాబట్టి సంఘం వారి మాట నమ్మి మరణశిక్ష వేసింది. యువకుడైన దానియేలు ఆ ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నించాడు. ఏ చెట్టు కింద చూశారని అడిగితే ఒకరు ఒక చెట్టు, మరొకరు మరొక చెట్టు చెప్పారు. అబద్ధం బయటపడింది.

ఈ కథ రెండు పాఠాలు నేర్పుతుంది. పదవిని బట్టి మాట నిజం కాదు. కోపాన్ని బట్టి తీర్పు చెప్పరాదు. ప్రశ్నించాలి, విడివిడిగా వినాలి, సంగతులను సరిచూడాలి. దానియేలు ఆమెను రక్షించింది కేకలు వేసి మాత్రమే కాదు, సరైన విచారణ జరిపి.

ప్రతి మనిషికీ తన మంచిపేరును కాపాడుకునే హక్కు ఉందని శ్రీసభ చట్టం 220వ సూత్రం చెబుతుంది. కతోలిక శ్రీసభ సత్యోపదేశం మూడు పాపాలను వేరుచేసి చూపుతుంది. ఆధారం లేకుండా ఒకరు తప్పు చేశారని మనసులో నిశ్చయించుకోవటం ఒకటి. నిజమైన తప్పునే, తగిన కారణం లేకుండా, తెలియనివారికి చెప్పటం రెండు. లేని తప్పును అంటగట్టటం మూడు. అధికారులకు ఫిర్యాదు చేయటం వీటిలో ఏదీ కాదు. గుడి ముందు నిలబడి గుసగుసలాడటం వీటిలో ఏదో ఒకటి తప్పక అవుతుంది. అబద్ధపు నింద వేసినవారు పాపసంకీర్తనం చేసుకుంటే సరిపోదు. పోగొట్టిన పేరును వీలైనంత వరకు తిరిగి నిలబెట్టాలి.

అందరం కలిసి చేసే తప్పు

ఒకరి తప్పును ఎత్తి చూపటం సులువు. అందరం కలిసి చేసే తప్పు కంటికి కనిపించదు. కులం అటువంటిది. ఒకే బల్ల దగ్గర సత్ప్రసాదం స్వీకరించి, సంబంధం మాట వచ్చేసరికి కులం అడిగే కుటుంబాలు మనలో ఎన్ని? 2016 డిసెంబరులో భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య దళితుల సాధికారత కోసం ఒక విధాన పత్రం విడుదల చేసి, శ్రీసభ లోపల కూడా వివక్ష ఉందని, అది తొలగాలని ఒప్పుకుంది. హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు 2022 ఆగస్టులో కార్డినలు అయినప్పుడు, దళిత వర్గం నుంచి ఆ స్థానానికి చేరిన మొదటివారు ఆయనే అని మనం గర్వపడ్డాం. గర్వపడవలసిందే. కాని ఒకరిని పై పీఠం మీద చూసి చప్పట్లు కొట్టి, మన పెళ్ళి పందిరిలో మాత్రం పాత గీతలు గీస్తే ఆ గర్వానికి అర్థం లేదు.

కట్నం మరొకటి. 1961 నుంచి చట్టం దానిని నిషేధించింది. అయినా పెళ్ళి ప్రకటనలు గుడిలో చదివే రోజుకు లావాదేవీలు ఇంట్లో ముగిసిపోయి ఉంటాయి. పెళ్ళికొడుకు తల్లిదండ్రులు పాలక మండలిలో ఉన్నా ఎవరూ ఏమీ అనరు. ఎందుకంటే రేపు మనమూ అడగవలసి ఉంటుంది కదా! అందరూ చేస్తే అది ఆచారం అవుతుందేమో గాని పుణ్యం కాదు. ఇక్కడ వేలు చూపవలసింది మన వైపే. ఒక కుటుంబం అయినా "మేము తీసుకోము" అని బాహాటంగా చెబితే, అదే సంఘానికి చేసిన మందలింపు.

క్షమించటం అంటే ఏమిటి?

"క్రైస్తవులం కదా, క్షమించేద్దాం" అన్న మాటను సరిగ్గా అర్థం చేసుకుందాం. 1981 మే 13న పునీత పేతురు ప్రాంగణంలో రెండవ జాన్ పౌలు పోపు గారి మీద అలీ అగ్జా అనే వ్యక్తి కాల్పులు జరిపాడు. కొద్ది రోజులకే, ఆస్పత్రి పడక మీద నుంచే, పోపు గారు అతనిని క్షమించానని ప్రకటించారు. 1983 డిసెంబరులో రోము నగర చెరసాలకు వెళ్ళి అతని పక్కన కూర్చుని మాట్లాడారు. అయినా అగ్జా ఆ రోజు ఆయనతో పాటు బయటకు రాలేదు. 2000లో ఇటలీ ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చే దాకా అక్కడి చెరసాలలోనే ఉన్నాడు. క్షమాపణ హృదయంలో ఉంది, న్యాయం తన పని తాను చేసింది. రెండూ ఒకదానికొకటి అడ్డు రాలేదు.

క్షమించవలసింది ఎవరు అన్నది కూడా ముఖ్యమే. దెబ్బతిన్నవారు క్షమించగలరు. వారి తరపున పెద్దలు కూర్చుని క్షమించటం కుదరదు. "పోనీలే, క్షమించు" అని బాధితుల మీద ఒత్తిడి తెస్తే అది రెండవ దెబ్బ. క్షమాపణ దేవుని వరం. దానికి సమయం పడుతుంది.

అలాగే తప్పు చేసినవానికి తిరిగి వచ్చే దారి కూడా మూసివేయకూడదు. కొరింతు సంఘంలో ఘోర పాపం చేసినవానిని వెలివేయమని పౌలు గారు వ్రాశారు (1 కొరింతీ 5). అతని ఆత్మ రక్షింపబడాలన్నదే దాని ఉద్దేశం. రెండవ లేఖలో (2:5-11) శిక్ష పొందిన ఒకనిని ఇక క్షమించి ఓదార్చమని, లేకపోతే అతను దుఃఖంలో మునిగిపోతాడని వ్రాశారు. శిక్షకు ఒక హద్దు ఉంది, ప్రేమకు లేదు. అయితే సంఘంలోకి తిరిగి రావటం వేరు, పాత బాధ్యత తిరిగి ఇవ్వటం వేరు. గుడి సొమ్ము వాడుకున్నవానిని పూజకు ప్రేమతో ఆహ్వానించండి, హుండీ తాళం మాత్రం ఇవ్వకండి. బిడ్డలకు హాని చేసినవాని ఆత్మ కోసం ప్రార్థించండి, బిడ్డల దగ్గరకు మాత్రం రానీయకండి. ఇది కక్ష కాదు, వివేకం. అతనిని మళ్ళీ శోధనలో పడకుండా కాపాడటం కూడా దయే.

ఈ పని ఇంటి నుంచే మొదలు

సంఘంలో ధైర్యంగా, మృదువుగా నిజం చెప్పగలిగేది ఇంట్లో ఆ అలవాటు ఉన్నవారే. మీ బిడ్డ వచ్చి "అంకుల్ అలా చేశాడు" అంటే, "ఛీ, పెద్దవాళ్ళ గురించి అలా అనకూడదు" అని నోరు మూయించకండి. కూర్చోబెట్టి వినండి. "చెప్పి మంచి పని చేశావు నాన్నా, తప్పు నీది కాదు" అనండి. తండ్రి తన తప్పును భార్యాబిడ్డల ముందు ఒప్పుకుంటే ఆ ఇంట్లో బిడ్డలు తమ తప్పును దాచరు. వారానికి ఒకసారి కుటుంబ ప్రార్థన ముగిశాక ఒకరినొకరు మన్నించమని అడిగే అలవాటు చేసుకోండి. పెద్ద మందలింపులకు అదే శిక్షణ.

విచారణలో కూడా తప్పు జరగక ముందే కొన్ని ఏర్పాట్లు చేసుకోవచ్చు. ఏడాదికి ఒకసారి లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టవచ్చు. సొమ్ము లెక్కించేటప్పుడు ఎప్పుడూ ఒకరికి మించి ఉండాలని నియమం పెట్టవచ్చు. సత్యోపదేశం క్లాసులు తలుపులు తెరచి, ఇద్దరు పెద్దల సమక్షంలో జరపవచ్చు. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో, వారి ఫోను నంబరు ఏమిటో గుడి గోడ మీద వ్రాయవచ్చు. ఇవి అనుమానపు చూపులు కావు. ఇంటికి తలుపు పెట్టుకున్నంత సహజమైన జాగ్రత్తలు.

గుడి పరువు గురించి ఒక్క మాట. తప్పు జరిగిందని తెలిసినందువల్ల శ్రీసభ పరువు పోదు. తెలిసి కూడా ఏమీ చేయలేదని తెలిసినప్పుడు పోతుంది. పేతురు గారు ప్రభువును ఎరుగనని బొంకిన సంగతిని నలుగురు సువార్తికులూ వ్రాశారు. దాచలేదు. ఆయన ఏడ్చి తిరిగి వచ్చాడు కాబట్టే ఆ సంగతి మనకు నేటికీ ఆశను ఇస్తుంది.

కుటుంబంలో కలిసి ఆలోచించండి

1. ప్రస్తుతం మీకు ఎవరి మీదనైనా మనస్తాపం ఉందా? ఆ సంగతి ఆ మనిషికి చెప్పారా, ఇతరులకు చెప్పారా?

2. మీ బిడ్డలు తమకు జరిగిన ఏ సంగతినైనా భయం లేకుండా మీతో చెప్పగలరా? ఈ రోజే వారిని అడగండి.

3. మీ విచారణలో లెక్కలు, ఫిర్యాదుల విషయంలో ఏ ఏర్పాటు ఉంది? లేకపోతే పాలక మండలితో ఎవరు, ఎప్పుడు మాట్లాడతారు?

4. కులం, కట్నం విషయంలో మీ కుటుంబం తీసుకోగల ఒక్క నిర్ణయం ఏమిటి?

నాతాను ధైర్యాన్ని, దానియేలు వివేకాన్ని, తప్పిపోయిన గొర్రెను వెదికే కాపరి ఓర్పును ప్రభువు మన విచారణలకు ప్రసాదించును గాక.